పాతబడ్డ తెల్ల వైన్: మీ ప్రశ్నలు, నా జవాబులు

పోయిన నెల ఇదే పేజీలో స్పెయిన్‌లోని హారో అనే చిన్న ఊరి గురించి, అక్కడ లోపెస్ దె ఎరేదియా కుటుంబం 1877 నుంచి బయటివాళ్ల చేతికి వెళ్లనివ్వకుండా నడుపుకుంటున్న వైనరీ గురించి రాశాను. తెల్ల వైన్‌ని నాలుగేళ్లు, ఆరేళ్లు, కొన్ని మంచి పంటల్ని పదేళ్లు చెక్క పీపాల్లో ఉంచి గానీ బయటికి పంపని వాళ్ల పద్ధతి గురించి చెప్పాను. ఉద్యోగం పని మీద బిల్బావ్‌లో ఉన్న రోజుల్లో నేను చాలాసార్లు వెళ్లిన ఊరది, కారులో గంట ప్రయాణం. రాసేటప్పుడు ఇది ఎవరు చదువుతారులే అనుకున్నాను గానీ ఉత్తరాలు చాలా వచ్చాయి, కోపంగా రాసినవీ ఉన్నాయి. అందుకే ఈ నెల పేజీ మొత్తం వాటికే ఇచ్చేస్తున్నాను.

ప్రశ్న: మా బావమరిది మాడ్రిడ్ నుంచి వస్తూ ఒక సీసా తెచ్చాడు. విన్యా తొందోనియా, రిజర్వా, 2012 అని రాసి ఉంది. తెల్ల వైన్ అన్నాడు గానీ గ్లాసులో పోస్తే తేనె రంగులో ఉంది, వాసన చూస్తే వేయించిన బాదంపప్పులా ఉంది, పళ్ల వాసనే లేదు. ఇంట్లో అందరూ ఇది పాడైపోయిందని తేల్చేశారు. పారబోయాలా?
– ఒక పాఠకుడు, విశాఖపట్నం

దయచేసి పారబోయకండి. విన్యా తొందోనియా లోపెస్ దె ఎరేదియా వాళ్ల వైనే. మీరు చెప్పిన రంగు, మీరు చెప్పిన వాసన దానికి ఉండాల్సినవే, దానికోసమే వాళ్లు అన్నేళ్లు ఆగారు.

మనకు అలవాటైన తెల్ల వైన్ ఎలా తయారవుతుందో ముందు చెప్తాను. ద్రాక్షను పిండి, రసాన్ని స్టీల్ ట్యాంకులో పోసి, వేడెక్కకుండా చల్లగా పులియబెట్టి, గాలి తగలకుండా కాపాడి, కొన్ని నెలల్లోనే సీసాలకెత్తేస్తారు. అందుకే అది నీళ్లలా లేత రంగులో ఉంటుంది, నిమ్మ, పచ్చి యాపిల్ వాసనలు వస్తాయి. అందులో తప్పేం లేదు, ఎండాకాలం సాయంత్రం నాకూ అదే ఇష్టం. లోపెస్ దె ఎరేదియా వాళ్లు మాత్రం రసాన్ని తాతల నాటి పెద్ద పెద్ద ఓక్ చెక్క తొట్లలో పులియబెట్టి, ఆ తర్వాత 225 లీటర్ల పీపాల్లోకి దించుతారు. మీ దగ్గరున్న రిజర్వా అక్కడ ఆరేళ్లు ఉండి ఉంటుంది. ఏడాదికి రెండుసార్లు ఒక పీపాలోంచి ఇంకో పీపాలోకి చేత్తోనే వంచుతారు, అడుగున చేరిన మడ్డిని వదిలేసి పైన తేరుకున్నదాన్ని మాత్రమే తీసుకుంటారు. చివరికి వడపోత కూడా లేకుండా సీసాల్లో నింపుతారు.

చెక్క గాలి పీలుస్తుంది. చాలా తక్కువగా, చాలా నెమ్మదిగా. యాపిల్ కోసి పళ్లెంలో పెడితే పది నిమిషాల్లో గోధుమ రంగుకు తిరుగుతుంది కదా, అదే గాలి ఆరేళ్ల పాటు కొంచెం కొంచెంగా లోపలికి పోతే వైన్ దాన్ని తట్టుకుంటూ, తనలో కలుపుకుంటూ మారిపోతుంది. ఆ తట్టుకునే శక్తి ఎక్కడిదంటే అసలు ద్రాక్షలోని పులుపుది. తొందోనియా తెల్ల వైన్‌లో ఎక్కువ భాగం వియూరా అనే రకం, స్పెయిన్‌లో మిగతాచోట్ల దీన్నే మకబెయో అంటారు, దానితో పాటు కొంచెం మల్వాసియా కలుపుతారు. వియూరాను తాజాగా తాగితే పెద్దగా వాసన గానీ విశేషం గానీ కనిపించవు, చాలామంది దాన్ని మామూలు రకంగా తీసిపారేస్తారు కూడా. అలాంటి ద్రాక్షే పీపాలో కూర్చుని కూర్చుని తేనెమైనం, ఎండిన నారింజ తొక్క, వేయించిన పప్పుల వాసనలు తెచ్చుకుంటుంది, ఇన్నేళ్లు తాగినా నాకది ఇంకా ఆశ్చర్యమే. మనం పాత బియ్యానికి ఎక్కువ డబ్బు పెట్టి కొంటాం, కొత్త బియ్యం అన్నం ముద్దయిపోతుందని తెలుసు కాబట్టి. తెల్ల వైన్ దగ్గరికి వచ్చేసరికి మాత్రం పాతదంటే పాడైందనే లెక్క మనకు అలవాటైపోయింది.

నిజంగా పాడైతే ఎలా తెలుస్తుందంటే, మూత తీయగానే వెనిగర్ ఘాటు ముక్కుకు కొట్టినా, తడిసిన అట్టపెట్టె వాసన వచ్చినా అప్పుడు అనుమానించండి. రెండోది బిరడా వల్ల వచ్చే లోపం, ఎంత మంచి వైనరీకైనా అప్పుడప్పుడూ తప్పదు. ఈ రెండూ లేకపోతే మీ సీసా బాగున్నట్టే.

ఇంకో మాట. నేను మొదటిసారి ఈ వైన్ తాగినప్పుడు ఫ్రిజ్‌లోంచి తీసి చల్లచల్లగా గ్లాసులో పోసుకున్నాను, ఏమీ అర్థం కాలేదు, పుల్లగా ఉందంతే, సగం సీసా అలాగే వదిలేశాను. మర్నాడు సాయంత్రం మిగిలింది తాగితే అది అదే సీసానా అనిపించింది. కాబట్టి ఫ్రిజ్‌లోంచి ముందే తీసి ఉంచండి, 12 నుంచి 14 డిగ్రీలు చాలు, తాగడానికి గంట ముందు మూత తీయండి, చిన్న గ్లాసు కాకుండా వెడల్పు గ్లాసు వాడండి. సగం మిగిలితే మూత పెట్టి ఫ్రిజ్‌లో ఉంచండి, రెండు మూడు రోజులు ఏం కాదు. పీపాలో అన్నేళ్లు గాలితో సహవాసం చేసిన వైన్‌ని ఇంకో రెండు రోజుల గాలి ఏమీ చేయలేదు.

ప్రశ్న: నేను ఆడిటర్‌ని. మీ వ్యాసం చదువుతుంటే నాకు వైన్ కంటే వాళ్ల బ్యాలెన్స్ షీట్ మీద ఆలోచన పోయింది. సరుకు పదేళ్లు గోడౌన్‌లో పెట్టుకుని ఏ వ్యాపారం బతుకుతుంది? బ్యాంకు వడ్డీయే మింగేస్తుంది కదా. కుటుంబం, సంప్రదాయం అని అందంగా రాశారు గానీ అసలు లెక్క ఎలా కుదురుతోంది?
– ఒక పాఠకుడు, హైదరాబాద్

ఈ ప్రశ్న నాకు అన్నిటికంటే నచ్చింది. పోయిన నెల నేనే చెప్పి ఉండాల్సింది.

ముందు మీ భయం ఎంత నిజమో చూద్దాం. ఒక పీపాలో 225 లీటర్లు, అంటే 300 సీసాలు. వాళ్ల నేలమాళిగల్లో అలాంటి పీపాలు పది వేలకు పైగా ఉన్నాయి. హారో ఉన్న రియోహా ప్రాంతపు నిబంధనల ప్రకారం తెల్ల వైన్ మీద గ్రాన్ రిజర్వా అని, అంటే రిజర్వా కంటే పై తరగతి అని రాసుకోవాలంటే మొత్తం 4 ఏళ్లు ఉంచితే చాలు, అందులో పీపాలో 6 నెలలు ఉంటే సరిపోతుంది. వీళ్లు పదేళ్లు పీపాలోనే ఉంచుతారు. ఆ తర్వాత సీసాలో ఇంకా చాలా ఏళ్లు. 20 ఏళ్ల వయసు దాటాకే అంగడికి వచ్చిన తెల్ల గ్రాన్ రిజర్వాలు వాళ్లకున్నాయి. ఏ కన్సల్టెంట్‌కి చూపించినా ఆరు నెలలు చాలు కదా, మిగతా తొమ్మిదిన్నరేళ్లు ఎందుకు అని అడుగుతాడు.

లెక్క కుదరడానికి కారణాలు చాలావరకు పాతవే. 1860ల తర్వాత ఫ్రాన్స్ ద్రాక్షతోటలకు ఫిలాక్సెరా అనే వేరు పురుగు పట్టి తోటలకు తోటలే ఎండిపోయాయి. అక్కడి బోర్డో ప్రాంతపు వ్యాపారులకు అమ్మడానికి వైన్ లేదు. హారోకి 1863 నాటికే రైలు వచ్చింది కాబట్టి వాళ్లు అక్కడికి దిగారు, స్టేషన్ పక్కనే పీపాలు నింపుకుని రైలెక్కించారు. ఈరోజుకీ ఆ పేటను స్టేషన్ పేట అనే పిలుస్తారు. కూనె, ముగా, లా రియోహా ఆల్తా లాంటి పేరున్న వైనరీలన్నీ అక్కడే, ఒకదాని నుంచి ఇంకోదానికి నడిచి వెళ్లిపోవచ్చు. చిలీలో పుట్టి స్పెయిన్ వచ్చిన రఫాయెల్ లోపెస్ దె ఎరేదియా ఆ సందడిలోనే 1877లో తన పని మొదలుపెట్టాడు, ఫ్రెంచ్ వాళ్ల దగ్గర పీపాల పద్ధతి నేర్చుకున్నాడు. 225 లీటర్లు అనేది బోర్డో పీపా కొలతే. తర్వాత 1899లో ఆ పురుగు రియోహాకీ వచ్చింది. ఆ దెబ్బ తర్వాత 1913, 1914 ప్రాంతంలో ఆయన ఎబ్రో నది వంపు తిరిగే చోట, కుడి ఒడ్డున, తొందోనియా తోట వేయించాడు. వంద హెక్టార్ల పైమాటే, మన లెక్కలో దాదాపు 250 ఎకరాలు.

ఇప్పుడు బ్యాలెన్స్ షీట్‌కి వద్దాం. ద్రాక్ష వాళ్ల సొంత తోటలదే, బయట కొనరు. పీపాలు కూడా చాలావరకు సొంతమే. అమెరికా నుంచి ఓక్ చెక్క తెప్పించుకుని, వైనరీ లోపలే ఉన్న పనిశాలలో వాళ్ల పనివాళ్లే పీపాలు కడతారు, పాతవాటిని బాగుచేస్తారు. ఒక పీపాని దశాబ్దాల పాటు వాడతారు. మామూలుగా వైన్‌కి చెక్క రుచి పట్టాలని కొత్త పీపాలు కొనే వైనరీలకు అదే పెద్ద ఖర్చు. వీళ్లకు చెక్క రుచి అక్కర్లేదు, చెక్కలోంచి వచ్చే గాలి కావాలి, దానికి పాత పీపాయే మేలు. నేలమాళిగలు కొండరాయిని తొలిచిన సొరంగాలు కాబట్టి చల్లదనం ఊరికే వస్తుంది, ఏసీ బిల్లు లేదు. అంటే యంత్రాల మీద, ట్యాంకుల మీద పెట్టాల్సిన డబ్బు వీళ్లు కాలం మీద పెడుతున్నారు.

రెండోది, అన్నీ పదేళ్లు ఆగవు. సకోనియా తోట ద్రాక్షతో చేసే గ్రావోనియా అనే తెల్ల వైన్ నాలుగేళ్ల పీపా తర్వాత సీసాకెక్కుతుంది, కుబీయో అనే ఎర్ర వైన్ ఇంకా ముందు. రోజువారీ ఖర్చులకు డబ్బు తెచ్చేవి ఇలాంటివి. గ్రాన్ రిజర్వా తెల్లది ప్రతి ఏడాదీ చేయరు, 1987, 1991, 1996, 2001, 2004 ఇలా పంట బాగా కుదిరిన కొన్ని ఏళ్లవే కనిపిస్తాయి.

ఇక మూడోది మీకు బాగా తెలిసిన విషయమే. ప్రతి మూడు నెలలకూ లాభం చూపించమని అడిగే బయటి వాటాదారు లేడు. 1970ల్లో రియోహాలో చాలామంది స్టీల్ ట్యాంకులకు మారిపోయారు, తెల్ల వైన్ అంటే తాజాగా, చల్లగా, అదే ఏడాది అమ్మేసేది అయింది, మార్కెట్ అదే అడిగింది. ఆ రోజుల్లో పీపాలో ఆరేళ్లున్న తేనె రంగు వైన్‌ని అమ్మడం ఎంత కష్టమో ఊహించుకోండి. బోర్డు మీటింగ్‌లో ఆ పద్ధతి ఒక్క ఏడాది కూడా నిలిచేది కాదు. ఇంట్లో భోజనాల దగ్గర తీసుకున్న నిర్ణయం కాబట్టి నిలిచింది. ఇప్పుడు నాలుగో తరం నడుపుతోంది, మరియా హోసే, ఆమె చెల్లెలు మెర్సెదెస్, వాళ్ల సోదరుడు హూలియో సెసార్. వాళ్ల నాన్న పెద్రో 2013లో పోయారు. ఈరోజు ప్రపంచమంతా ఈ తెల్ల వైన్ కోసం ఎగబడుతోంది, సీసాలు దొరకడమే కష్టం. తండ్రి గిరాకీ లేని కాలంలో పీపాల్లో పోసి ఉంచింది, పిల్లలు గిరాకీ ఉన్న కాలంలో అమ్మారు. కుటుంబ ఆస్తి అంటే నాకు అర్థమైంది ఇదే.

అయితే ప్రతి కుటుంబానికీ ఇది సాధ్యం కాదు. పంచుకోవాల్సిన అన్నదమ్ములు ఎక్కువై, ఒకరికి డబ్బు అర్జెంటై, తోట ముక్కలైపోయిన కథలు అక్కడా ఉన్నాయి, మన దగ్గరా ఉన్నాయి.

ప్రశ్న: వైన్ ద్రాక్షరసమే కదా, శాకాహారమే అనుకున్నాను. పోయిన నెల మీరు గుడ్డు సొన గురించి ఒక్క ముక్క రాసి వదిలేశారు. అది వివరంగా చెప్పండి. మా ఇంట్లో గుడ్డు ముట్టం.
– ఒక పాఠకురాలు, తెనాలి

సగం చెప్పి వదిలేయడం నా తప్పే. వైన్‌లో కంటికి కనిపించని మడ్డి తేలుతూ ఉంటుంది, దాన్ని కిందికి దించడానికి ఏదో ఒకటి కలపాలి. లోపెస్ దె ఎరేదియా వాళ్లు పాత పద్ధతిలో తాజా కోడిగుడ్ల తెల్లసొన వాడతారు. సొన ఆ మడ్డిని పట్టుకుని పీపా అడుక్కి దిగిపోతుంది, పైన తేరిన వైన్‌ని వేరే పీపాలోకి తీస్తారు, సొన అడుగునే ఉండిపోతుంది. తాగే వైన్‌లో గుడ్డు మిగలాలని వాళ్ల ఉద్దేశం కాదు, కానీ గుడ్డు తాకిన వైన్ అన్నది నిజం. మీ నియమం ప్రకారం అది కుదరదు అనుకుంటే ఈ వైన్ మీకు కాదు, ఇందులో మొహమాటం ఏమీ అక్కర్లేదు. సొన బదులు బెంటొనైట్ అనే మట్టి వాడేవాళ్లు చాలామంది ఉన్నారు, వీగన్ అని లేబుల్ మీద రాసి ఉంటే జంతువుల నుంచి వచ్చిందేదీ వాడలేదని అర్థం. కొన్ని వైనరీలు పాల నుంచి, చేప నుంచి తీసినవి కూడా వాడతాయి, కాబట్టి లేబుల్ చూసి కొనడం అలవాటు చేసుకోండి.

ప్రశ్న: ఆ వైనరీ ఫోటోల్లో సీసాల మీద అంత బూజు, సాలెగూళ్లు ఉన్నాయేంటి? శుభ్రం చేయరా? మా అమ్మ చూసి ఛీ అంది.
– ఒక డిగ్రీ విద్యార్థి, ఖమ్మం

మీ అమ్మగారు అన్నది సహజమే, నేనూ మొదట అలాగే అనుకున్నాను. ఆ సాలెగూళ్లు కావాలని ఉంచినవి. బిరడాలను తొలిచే చిన్న చిమ్మటలు ఉంటాయి, వాటి పురుగు బిరడాలో పడితే సీసా కారిపోతుంది. సాలీళ్లు ఆ చిమ్మటల్ని తింటాయి, మందు కొట్టాల్సిన పని లేకుండా. ఇక గోడల మీద, సీసాల మీద కనిపించే బూజు నేలమాళిగలో తేమ ఒకేలా ఉందని చెప్పే గుర్తు, తేమ తగ్గితే బిరడా ఎండిపోతుంది. పాత సీసాలు పడుకోబెట్టిన ఒక గదికి వాళ్లు శ్మశానం అని పేరు పెట్టుకున్నారు, లోపలికి వెళ్తే మాట దానంతటదే తగ్గుతుంది. వైన్ తగిలే పీపాలు, తొట్లు, గొట్టాలు మాత్రం శుభ్రంగా కడుగుతారు, అక్కడ రాజీ లేదు. సీసాని కూడా బయటికి పంపేముందు తుడిచి లేబుల్ అంటిస్తారు, బూజుతో పంపరు.

ప్రశ్న: ఇంత పాతకాలపు కుటుంబం ప్రముఖ ఆర్కిటెక్ట్ జాహా హదీద్‌తో కట్టడం కట్టించిందని మా సీనియర్ ఒకరు చెప్పారు. నిజమేనా? ఆర్కిటెక్చర్ మూడో సంవత్సరం చదువుతున్నాను.
– ఒక విద్యార్థిని, విజయవాడ

నిజమే. 1910లో బ్రస్సెల్స్ ప్రపంచ ప్రదర్శన కోసం ముత్తాత రఫాయెల్ చెక్కతో ఒక అందమైన స్టాల్ చేయించాడు. తొంభై ఏళ్ల తర్వాత అది వాళ్ల పాత సామానులో దొరికితే బాగుచేయించి, దాన్ని లోపల పెట్టడానికి పెవిలియన్ ఒకటి గీయమని జాహా హదీద్‌ని అడిగారు. పక్కనుంచి చూస్తే వైన్ పోసే డికాంటర్ ఆకారంలో ఉంటుంది. ఇప్పుడు అది వైనరీ ఆవరణలోనే ఉంది, వచ్చినవాళ్లు వైన్ కొనుక్కునేది, రుచి చూసేది అందులోనే. వీలైతే దాన్ని ఫోటోల్లో కాకుండా వెనకున్న పాత రాతి గోడలతో కలిపి గీసి చూడండి. కొత్తది పాతదాన్ని దాచేయకుండా చుట్టుకుని ఎలా నిలబడిందో చెయ్యి కదిపితేనే అర్థమవుతుంది.

ప్రశ్న: మా నాన్న తాగుడుకు మా పొలం పోయింది, అమ్మ కూలికి వెళ్లి మమ్మల్ని చదివించింది. పత్రిక తెరిస్తే మీరు స్పెయిన్ కుటుంబాన్ని పొగుడుతూ రెండు పేజీలు. మందు మందే కదా. ఇది చదివి ఎవరికి ఉపయోగం?
– ఒక పాఠకురాలు, నల్గొండ జిల్లా

మీ ఉత్తరం చదివి ఆ రోజు ఇంకేం రాయలేకపోయాను. మీ కోపంలో ఒక్క అక్షరం కూడా తప్పు లేదు.

మన ఊళ్లలో వైన్స్ అని బోర్డు ఉన్న కొట్టులో ద్రాక్ష వైన్ అడిగితే ఎక్కడో మూల నుంచి దుమ్ము దులిపి ఇస్తారు. అక్కడ అమ్ముడుపోయేది క్వార్టర్ సీసాలు, అవి ఎవరి ఇళ్లని తింటున్నాయో మీరు నాకు చెప్పక్కర్లేదు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు సారా కొట్టుకు ఎదురు తిరిగితే ఆ ఉద్యమం రాష్ట్రమంతా పాకి, 1993లో సారా నిషేధం దాకా తెచ్చింది. ఆ ఉద్యమాన్ని తప్పు పట్టే మాట నా నోట ఎప్పుడూ రాదు.

నేను రాసింది ఒక చేతిపని గురించి, ఒక పంటను మూడు నాలుగు తరాలు ఒకే శ్రద్ధతో చూసుకోవడం గురించి. తాగమని ఎవరికీ చెప్పలేదు, చెప్పను. కొంచెం తాగితే ఆరోగ్యానికి మంచిదన్న మాట కూడా నమ్మకండి, ఎంత తక్కువైనా మద్యం సురక్షితం కాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో సూటిగానే చెప్పింది. ఇంట్లో తాగుడు మానడానికి ప్రయత్నిస్తున్న మనిషి ఉంటే ఎంత గొప్ప వైన్ అయినా ఆ గడప లోపలికి తేకూడదు, చుట్టాలు బహుమతిగా తెచ్చినా సరే తిరిగి ఇచ్చేయాలి. ఈ మాటలు పోయిన నెల వ్యాసంలోనే ఉండాల్సింది. మీ అమ్మగారికి నా నమస్కారాలు చెప్పండి.

ప్రశ్న: ఇక్కడ డాలస్‌లో గ్రావోనియా దొరుకుతోంది, తొందోనియా కంటే తక్కువ ధర. మన వంటతో ఏది బాగుంటుంది? మా ఆవిడ ఆవకాయ అన్నంతో ట్రై చేద్దాం అంటోంది.
– ఒక పాఠకుడు, అమెరికా

ఆవకాయతో వద్దండి. కారం, ఆవఘాటు ముందు ఏ తెల్ల వైన్ నిలవదు, పైగా కారం నాలుక మీద ఉన్నప్పుడు ఆల్కహాల్ మంటలా తగులుతుంది. గోంగూర, చింతపండు పులుసు కూడా ఇంతే, పులుపు మీద పులుపు పడుతుంది. రెండింటినీ వేరువేరుగా ఆనందించండి.

ఈ వైన్‌లో పప్పుల వాసన ఉంది కాబట్టి నువ్వులు, పల్లీలు, కొబ్బరి, జీడిపప్పు ఉన్న వంటల వైపు వెళ్లండి. కారం సగానికి తగ్గించి చేసిన గుత్తివంకాయ కూరతో గ్రావోనియా తాగి చూడండి, నాకు తెలిసి ఇంతకంటే మంచి జోడీ లేదు. కొబ్బరిపాలతో చేసిన రొయ్యల కూర, మిరియాలు వేసిన పుట్టగొడుగుల వేపుడు, నెయ్యి తగిలిన ముద్దపప్పు కూడా బాగుంటాయి. చేప అయితే పులుసు కాకుండా వేపుడు, మసాలా తక్కువగా. హారోలో వాళ్లు వెల్లుల్లి దండిగా వేసిన వంటలతో, గొర్రెపాల పాత చీజ్‌తో తాగుతారు, మీకు అక్కడ మాంచెగో చీజ్ సులువుగా దొరుకుతుంది. మొదటిసారి అయితే గ్రావోనియాతోనే మొదలుపెట్టండి, ఆ రుచి నచ్చితే అప్పుడు తొందోనియా మీద డబ్బు పెట్టొచ్చు.

ప్రశ్న: అన్నా, మాది సంగారెడ్డి దగ్గర. మా తాత కాలం నుంచి అనాబ్-ఎ-షాహీ పందిరి ఉంది, ఇప్పుడు ఎకరమే మిగిలింది. తెల్ల ద్రాక్షే కదా, వీటితో వాళ్లలా తెల్ల వైన్ చేయొచ్చా? మార్కెట్లో రేటు పడిపోయినప్పుడల్లా టెన్షన్‌తో నిద్ర పట్టదు.
– ఒక ద్రాక్ష రైతు

తమ్ముడూ, నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. ఒకప్పుడు హైదరాబాద్ చుట్టూ అనాబ్-ఎ-షాహీ పందిళ్లు ఎన్ని ఉండేవో, ఇప్పుడు ఆ జాగాలో ఏమున్నాయో నీకే బాగా తెలుసు. ఎకరమైనా నిలబెట్టుకున్నందుకు ముందు సంతోషం.

ఉన్నది ఉన్నట్టు చెప్తాను. ఆ ద్రాక్ష తినడానికి పుట్టింది. కాయ పెద్దది, నీరు ఎక్కువ, తియ్యదనం హాయిగా ఉంటుంది గానీ వైన్‌కి సరిపోయేంత చక్కెర ఎక్కదు. వైన్ ద్రాక్ష చిన్నది, రసానికి తగ్గ తోలు, గింజ ఉంటాయి, నోట్లో వేసుకుంటే తీపితో పాటు పులుపు గట్టిగా తగులుతుంది. పదేళ్లు పీపాలో నిలబెట్టేది ఆ పులుపే అని పైన విశాఖ పాఠకుడికి రాశాను చూడు. ఇంకోటి వాతావరణం. హారోలో చలికాలం తీగ మోడువారి నిద్రపోతుంది, వసంతంలో చిగురిస్తుంది, ఏడాదికి ఒకే పంట, సెప్టెంబర్ చివర, అక్టోబర్‌లో కోత, రాత్రుళ్లు చల్లబడే కాలంలో. మన దగ్గర తీగ నిద్రపోదు, నువ్వు ఏప్రిల్‌లో ఒకసారి, అక్టోబర్‌లో ఒకసారి కత్తిరించి దాన్ని దారికి తెచ్చుకుంటావు, కోత ఫిబ్రవరి, మార్చిలో, ఎండ ముదురుతున్నప్పుడు. కాయ ముదిరే కాలంలో వేడి ఎక్కువైతే పులుపు పడిపోతుంది. వాళ్లు పొదల్లా నేలకు దగ్గరగా పెంచుతారు, నీది తలపైన పందిరి. పంట ఒకటే అయినా వ్యవసాయం వేరు.

మన దక్కనులో మంచి తెల్ల వైన్ రాదని మాత్రం అనను. కర్ణాటకలో హంపి కొండల దగ్గర హైదరాబాద్‌కు చెందిన ఒక కుటుంబం కృష్మా ఎస్టేట్స్ పేరుతో సొంత తోట వేసి, సొంతంగా వైన్ చేస్తోంది, సోవిన్యాన్ బ్లాంక్ తెల్ల వైన్ కూడా. అయితే తినే రకం ద్రాక్షతో వాళ్లు ప్రయత్నించలేదు, వైన్ రకాలే తెచ్చి నాటారు. ఎక్సైజ్ లైసెన్సు లేకుండా వైన్ చేసి అమ్మితే కేసవుతుంది, ఎవరో చెప్పారని ఇంట్లో డ్రమ్ముల్లో మొదలుపెట్టకు.

నీ పందిరిని పీకేయమని నేను చెప్పలేను. చేయగలిగిన పని ఒకటుంది, ఒక మూల నాలుగైదు వరసలు వైన్ రకం నాటి చూడు. ఏ రకం, ఏ వేరు మొక్క మీద అంటు కట్టింది అన్నది రాజేంద్రనగర్ ద్రాక్ష పరిశోధన కేంద్రంలో అడుగు, పుణె దగ్గర మాంజ్రీలో జాతీయ ద్రాక్ష పరిశోధన కేంద్రం ఉంది, అక్కడ వైన్ రకాల మీద పనిచేసేవాళ్లున్నారు. ఈలోగా ఈ ఫిబ్రవరిలో నీ అనాబ్-ఎ-షాహీ కోతకు వచ్చినప్పుడు మార్కెట్‌కి పంపేముందు రెండు గుత్తులు ఇంకో పది రోజులు తీగ మీదే ఉంచి, రసం తీసి బ్రిక్స్, అంటే రసంలో చక్కెర ఎంతుందో కొలువు. మామూలుగా నీకు 15, 16 దగ్గర ఆగుతుంది, వైన్‌కి 21, 22 కావాలి. ఎంత వచ్చిందో ఆ అంకె నాకు రాసి పంపు, పులుపు ఎలా ఉందో కూడా నోట్లో వేసుకుని చూసి రాయి.